మేనల్లునకు ఒక జాబు



నీ జాబు చేరినది. ఇరువదియొకటవ యేడు నిండుటకు ఇంకను నాలుగు మాసములుండగా, ముగ్గురు మిత్రులతో గూడి, వారిలో నొకని యన్నగారి డ్రైవింగు లైసెన్సును నీదిగా చూపి, ఒక బారులో జరిగిన కచేరీకి పోయితివనియు, మద్యము ముట్టలేదనియు, వేదికకు నాలుగడుగుల దూరమున నిలిచి వినిన ఆ పాటను ఎన్నటికిని మఱువలేననియు వ్రాసితివి. మద్యము ముట్టలేదన్న మాటను నేను సంపూర్ణముగా విశ్వసించుచున్నాను. పాట కొఱకు అంతగా తపించు హృదయము నీకుండుట నాకు సంతోషమే.

పాట వినుటకు వయస్సుతో పనియేమి యని అడిగితివి. న్యాయమైన ప్రశ్న. శ్రీరామనవమి పందిళ్లలో తల్లి యొడిలోని బిడ్డయు, ఊతకఱ్ఱ పట్టిన వృద్ధుడును ఒకే చాపమీద కూర్చుండి కచేరీలు వినిన సంప్రదాయములో పెరిగినవారికి, ద్వారమున నిలిచి జన్మదినమును లెక్కించు ఆచారము వింతగా తోచుట సహజము. అయితే ఈ అమెరికా దేశమున చిన్న కచేరీశాలల యద్దెయు, వాద్యకారుల పారితోషికమును చాలవఱకు మద్యవిక్రయముపైననే యాధారపడియుండుటచేత, పాటకు లేని వయోనిబంధన మద్యమునుండి దానికంటినది.

ఆ నిబంధన వెనుక కన్నీరు కలదు. 1971లో ఓటుహక్కు వయస్సు పదునెనిమిదేండ్లకు దిగిన తరువాత పెక్కు రాష్ట్రములు మద్యపాన వయస్సును సైతము తగ్గించినవి. రాష్ట్రమునకొక వయస్సు ఏర్పడుటచే యువకులు సరిహద్దు దాటి త్రాగి, ఆ మత్తులోనే కారు నడుపుకొనుచు మరలివచ్చి, రహదారులపై ప్రాణములు గోల్పోయిరి. ఇరువదియొకటికి లోపలి వయస్సువారికి మద్యమమ్మనిచ్చు రాష్ట్రమునకు రహదారి నిధులలో కోత విధింతునని 1984లో కేంద్రము శాసింపగా, దక్షిణ డకోటా సుప్రీంకోర్టుదాక పోయి 1987లో ఓడినది. మఱుసటి యేటికి అన్ని రాష్ట్రములును ఆ వయస్సునకే వచ్చినవి. సైన్యమున చేరదగినవాడు గ్లాసు పట్టరాదా యను వాదములో బలము లేకపోలేదు. ఆ వాదము నీవు చేసిన నేను వినెదను.

నన్ను బాధించినది వేఱు. ఆ రాత్రి అధికారులు సోదాకు వచ్చియుండినచో చిక్కులో పడునది ఆ శాలవారి మద్యపు లైసెన్సు. గంటల లెక్కన కూలి తీసికొను ఆ బౌన్సరు ఉద్యోగము. తన కార్డు ఇతరుల చేతికెట్లు పోయినదో సంజాయిషీ చెప్పుకొనవలసిన ఆ యన్న. కొత్త పాటగాండ్రకు వేదిక నిచ్చు చిన్న శాల యొకటి మూతపడినచో, నీవు ప్రేమించు పాటకే నిలువనీడ కఱవగును. ఇక నీవు విద్యార్థి వీసాపై నున్నవాడవు. అరెస్టు జరిగి శిక్ష పడకున్నను, మఱల వీసా కోరునప్పుడు ఎన్నడైనను అరెస్టయితివా యను ప్రశ్న దరఖాస్తులో నీ యెదుట నిలుచును.

ఈ వయోనిబంధనకు నీవంటి కుఱ్ఱవాండ్రే ఒక ఉపాయము సాధించిరని నీకు తెలియునా? 1980లో వాషింగ్టనునుండి టీన్ ఐడిల్స్ అను యువకుల బృందము శాన్‌ఫ్రాన్సిస్కోలోని మబుహే గార్డెన్స్‌లో పాడబోగా, వారు వయస్సు చాలనివారని శాలవారు సంశయించిరి. తుదకు, మద్యమమ్మువారు గుర్తుపట్టుటకై వారి చేతులపై నల్లని ఇంటూ గుర్తు వేసి లోనికి విడిచిరి. ఇంటికి మరలిన ఆ బాలురు ఆ పద్ధతినే తమ నగరపు 9:30 క్లబ్బునకు సూచించిరి. సిగ్గుపడవలసిన గుర్తని తలపక, దానినే తమ రికార్డు అట్టపై ముద్రించుకొనిరి. మద్యము వలదను యువకులకు కాలక్రమమున అది చిహ్నమైనది. బర్కిలీలో 1986 చివరి రాత్రి తెఱచిన 924 గిల్మన్ శాల మఱియొక యడుగు ముందుకు వేసి, మద్యమునే వర్జించి, అన్ని వయస్సులవారిని ఆహ్వానించినది. ఈ ఉపాయములలో పరుని పేరుతో తలుపు దాటుట లేదు. ఆ వాషింగ్టను బాలురు శాలవారితో మాటలాడి దారి తెఱపించుకొనిరి. ఆ ధైర్యమును నీయందు చూడగోరుచున్నాను.

కావున టిక్కెట్టు కొనకముందే ‘ఆల్ ఏజెస్’ అనియో, ‘18 ప్లస్’ అనియో యున్నదేమో చూడుము. తెలియనిచో శాలకు ఫోను చేసి, నీ నిజమైన వయస్సు చెప్పి అడుగుము. కాదన్నచో ఆ బృందమునకే వ్రాయుము. తమ పాట కొఱకు అడుగు యువకుని జాబును పాటగాండ్రు తేలికగా త్రోసివేయరు. ఆ డ్రైవింగు లైసెన్సును రేపే దాని యజమానికి నీ చేతులతో అందించి, జరిగినది దాచక చెప్పుము. మీలో నెవడేని ఎన్నడైనను త్రాగి స్పృహ తప్పినచో, వయస్సు బయటపడునను భయముతో గదిలో దాచి కూర్చుండక తక్షణమే 911కు ఫోను చేయుము. అట్లు సహాయము కోరినవారికి పెక్కు రాష్ట్రముల చట్టములు రక్షణ నిచ్చుచున్నవి.

9:30 క్లబ్బు నేటికిని సాధారణముగా అన్ని వయస్సులవారిని రానిచ్చుచున్నది. సెలవులకు మా యింటికి వచ్చునప్పుడు అచ్చట నీకు నచ్చినవారి కచేరీ యేదేని యున్నచో ముందుగా వ్రాయుము. మీ అత్తయ్యయు వత్తుననుచున్నది గనుక మూడు టిక్కెట్లు కొందును.

ఇట్లు,
నీ మేనమామ