విద్యాహక్కును మన కర్తవ్యమును

నిర్బంధ ప్రాథమికవిద్యకై గోపాలకృష్ణ గోఖలేగారు 1911వ సంవత్సరమున కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిరి; మరుసటి యేడు సభవారు దానిని త్రోసిపుచ్చిరి. ఆ కోరిక దేశమంతటికిని హక్కుగా పరిణమించుటకు దాదాపు నూరేండ్లు పట్టెను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వఱకు గల బాలబాలికలకెల్ల ఉచితవిద్య నొసగినది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వఱకు పిల్లలున్నచో ఇద్దఱు ఉపాధ్యాయులైన నుండవలెనని విధించినది.

అయినను బడిలో పేరు వ్రాయించుటయే చదువు గాదు. అయిదవ తరగతి బాలుడు రెండవ తరగతి పాఠమును చదువజాలనిచో, హక్కుండియు నేమి ఫలము? ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములందు నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులు లేక సంరక్షకులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. కావున సంస్కరణము ప్రభుత్వమువారి పని మాత్రమే గాదని మా యభిప్రాయము. తల్లిదండ్రులారా! సంఘమునకు తప్పక పోవుడు; ఉపాధ్యాయుని ఖాళీ యేల నింపలేదని యడుగుడు; ఇంట బిడ్డచే దినమున కొక పుట చదివించి వినుడు.