ఇత్తడి శిరస్త్రాణము చెప్పు చరిత్ర

అగ్నిమాపక దళమువారి పాత శిరస్త్రాణమొకటి దొరికినచో, అది యే దేశమునకు, ఏ కాలమునకు చెందినదో తెలిసికొనుట యెట్లు? కాగితము లేవియు లేకున్నను, అది చేయబడిన పదార్థము, దాని ఆకారము, దానిపై గల చిహ్నము అను మూడింటిని బట్టి చాలవరకు నిర్ణయింపవచ్చును. ఇందులకు లండను నగరపు ఇత్తడి శిరస్త్రాణమును మేము ఉదాహరణముగా గైకొనుచున్నాము.

1833వ సంవత్సరమున లండనులోని ఇన్సూరెన్సు కంపెనీలు కొన్ని తమ వేర్వేరు దళములను ఒక్కటిగా జేర్చి, జేమ్సు బ్రెయిడ్‌వుడ్ అను నాతనిని దానికి నాయకునిగా నియమించినవి. ఆ దళమువారు తోలు శిరస్త్రాణములను ధరించుచుండిరి. 1861 జూను 22వ తేదీన థేమ్సు నది యొడ్డున టూలీ వీథియందలి గిడ్డంగు లంటుకొనెను. ప్రత్తి, జనుము, చక్కెర, పశువుల క్రొవ్వు మున్నగు సరకులు అనేక దినములు మండినవి. తన మనుష్యులకు ధైర్యము చెప్పుచున్న బ్రెయిడ్‌వుడ్‌పై గోడ కూలగా నాతడు మృతినొందెను. ఇంతటి భారమును కంపెనీలు మోయజాలవని తేలినందున, 1866లో నగరమునకు ప్రజాధనముతో నడచు దళ మేర్పడెను.

దాని నాయకుడగు కెప్టెన్ షా పారిసు నగరపు అగ్నిమాపకుల లోహ శిరస్త్రాణములను జూచి మెచ్చి, కొలది కాలములోనే తన దళమునకు ఇత్తడివానిని తెప్పించెను. కావున లండను దళపు ఇత్తడి శిరస్త్రాణము 1866కు పూర్వపుది కానేరదు.

ఇక ఆకారమును జూతము. నడినెత్తిపై కోడిజుట్టువలె లేచిన గట్టు పైనుండి పడు వస్తువుల దెబ్బను ప్రక్కకు మరలించును. వెనుకకు దిగిన అంచు నీరు మెడలోనికి జారకుండ కాపాడును. లోపలి తోలుపట్టీ కాగిన లోహమును తలకు తగులనీయదు. గట్టు కిరువైపుల నిప్పులు గ్రక్కు డ్రాగనుల బొమ్మలును, ముందు భాగమున అడ్డముగా నుంచిన గొడ్డండ్లును గానవచ్చును. ఇతర నగరములవారును ఇట్టివానినే ధరించిరి. వారిలో కొందరు ముందు తమ పురచిహ్నమును బిగించుకొనిరి. కనుక ఇత్తడియైనంత మాత్రమున లండనుదని తలపరాదు, చిహ్నమును పరీక్షింపవలెను. వెండిపూత గలది సామాన్యునిది కాక అధికారిదని యెరుంగునది.

ఇంత సొగసైన వస్తువును ఏల విడిచిరి? ఇండ్లలోనికి విద్యుచ్ఛక్తి వచ్చెను. కాలుచున్న యింట తెగి వ్రేలాడు తీగ ఇత్తడికి దగిలిన, విద్యుత్తు దాని గుండ ప్రవహించి ధరించినవాని ప్రాణము దీయగలదు. పూర్వము తలను గాచినదే క్రొత్త అపాయమునకు ద్వారమయ్యెను. అందుచేత 1930 తరువాతి దశకమున లండను దళము ఇత్తడిని మాని, విద్యుత్తును ప్రసరింపనీయని కార్కు మొదలగు పదార్థములతో చేసిన శిరస్త్రాణములను స్వీకరించెను.

అమెరికాలో చరిత్ర వేరుగా నడచెను. న్యూయార్కునందు 1830 ప్రాంతమున హెన్రీ గ్రాటకాప్ అను ప్రయాణపు పెట్టెలు చేయువాడు గట్టి తోలుతో, వెనుక పొడవైన అంచుతో శిరస్త్రాణమును రూపొందించెను. అచ్చటి దళమున తోలు శిరస్త్రాణము నేటికిని వాడుకలో నున్నది. కాబట్టి తోలు కనబడినంతనే మిక్కిలి ప్రాచీనమని నిశ్చయించుటయు తగదు.

విద్యార్థులారా! ఒక్కొక్క గట్టును, ఒక్కొక్క అంచును ఏదో యొక యపాయమునకు మనుష్యుడు చెప్పిన సమాధానము. అపాయము మారినపుడు సమాధానమును మారవలెను. ఇత్తడి మెరుపును జూచి ముచ్చటపడి ఊరకుండక, దాని క్రింద నుండిన తలను, ఆ తలను గాచుటకై పడిన శ్రమను దలచినపుడే మనము ఆ వస్తువు చరిత్రను నిజముగా జదివినవార మగుదుము.