ఆకాశవాణితో ఒక వారము
పంచాయతి సభ్యులకు అధ్యయన పాఠము

పంచాయతి కార్యాలయము ముంగిట నాటిన స్తంభమును, దానిపై బిగించిన కొమ్ము వంటి లౌడుస్పీకరును ఎరుగని పెద్దలు మన పల్లెలలో అరుదు. సందెవేళ పొలములనుండి మరలివచ్చిన రైతులు, కూలీలు రచ్చబండపై చేరి, ఆ కొమ్మునుండి వెలువడు వార్తలను, పంటల ముచ్చట్లను, హరికథలను వినుచుండెడివారు. కాలము మారినది. నాటి పెద్ద పెట్టె నేడు జేబులోని ఫోనునందు ఇమిడినది. వినుటకు వసతి పెరిగినది గాని, కలసి వినుట, విన్నదానిని కలసి విచారించుట అను రెండు మంచి అలవాట్లు పలుచబడినవి. ఒక్కడు విన్న మంచిమాట వాని చెవితో ఆగిపోవును. పదిమంది విన్నచో అది ఊరికి ఉపకరించును.

కర్నూలునకు పడమటనున్న గూడూరు మొదలుకొని ఎమ్మిగనూరు, ఆదోని వరకు గల గ్రామముల పంచాయతి సభ్యులను మనస్సునందుంచుకొని మేమీ పాఠమును వ్రాయుచున్నాము. ఒక వారము దినములు ఆకాశవాణిని క్రమముగా వినినచో పంచాయతి పనికి ఎట్టి సాయము లభించునో ఇందు వివరింతుము.

ఆకాశవాణి మనకెట్లు వచ్చినది?

మన ప్రాంతమున రేడియో ప్రసారములకు మద్రాసు పుట్టినిల్లు. 1924లో అచ్చట కొందరు ఉత్సాహవంతులు రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు చేసిరి. ధనాభావముచే 1927లో ఆ ప్రయత్నము ఆగిపోగా, 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ఆ పనిని చేపట్టినది. అనగా రేడియోను ప్రజలకు వినిపించు భారమును ఒక స్థానిక సంస్థ వహించినదన్నమాట! పంచాయతి సభ్యులు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

1936లో దేశీయ ప్రసార సంస్థకు ఆలిండియా రేడియో అను పేరు వచ్చినది. 1938లో మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైనవి. నిజాము పాలనలో నడచిన దక్కను రేడియో 1950లో ఆలిండియా రేడియోలో చేరి హైదరాబాదు కేంద్రమైనది. 1963లో కడప, విశాఖపట్టణములకును కేంద్రములు వచ్చినవి. నేడు కర్నూలులో కూడ ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రము కలదు. 1997 నవంబరులో ఆకాశవాణి ప్రసార భారతి అను స్వతంత్ర సంస్థ ఆధీనములోనికి వచ్చినది. బహుజన హితాయ, బహుజన సుఖాయ అనునది దాని ఆదర్శవాక్యము.

మాటకు గల శక్తి

1947 నవంబరు 12న మహాత్మాగాంధి ఢిల్లీలోని ఆకాశవాణి భవనమునకు వెళ్లి, కురుక్షేత్ర శిబిరమునందున్న కాందిశీకులనుద్దేశించి మాటలాడిరి. తాము స్వయముగా పోలేని చోటికి వారి మాట పోయినది. గాంధీజీ ఆ భవనమున అడుగిడినది అదియొక్కసారియే. చదువురానివానికి గూడ చేరగలుగుట రేడియోకు గల గొప్ప గుణము. నేతగాడు మగ్గముపై నుండి, గృహిణి పొయ్యివద్దనుండి, కాపరి మందవెంటనుండి దానిని వినవచ్చును. చేతిపని ఆగదు, చెవికి విద్య అబ్బును.

ఇతర దేశములవారు ఈ శక్తిని ముందుగనే గుర్తించిరి. ఇంగ్లండులో బి.బి.సి. 1951 నుండి ది ఆర్చర్స్ అను ధారావాహిక నాటికను దేశమంతటికి ప్రసారము చేయుచున్నది. యుద్ధానంతరము ఆహారపు కరవుతో ఉన్న ఆ దేశమున, కర్షకులకు క్రొత్త సాగు పద్ధతులను కథారూపమున నేర్పుట దాని తొలి ఉద్దేశము. ఒక కల్పిత గ్రామములోని కుటుంబముల కష్టసుఖములే దాని కథ. ప్రధానముగా మాటల కార్యక్రమములకే కేటాయింపబడిన రేడియో ఫోర్ అను కేంద్రమున ఆ నాటిక నేటికిని సాగుచున్నది. కెనడాలో 1941 మొదలు 1965 వరకు రైతులు ఇరుగుపొరుగు ఇండ్లలో కూడి రేడియో విని చర్చించెడివారు. చదువుడు, వినుడు, చర్చింపుడు, ఆచరింపుడు అనునది వారి నినాదము.

పూనా గ్రామముల అనుభవము

ఆ పద్ధతిని మన దేశమున 1956లో పూనా కేంద్రము పరీక్షించినది. యునెస్కో సాయముతో మహారాష్ట్ర ప్రాంతపు ఐదు జిల్లాలలో సుమారు నూటయేబది గ్రామములయందు శ్రోతల సభలు ఏర్పడినవి. పది వారములపాటు వారమునకు రెండు దినములు, అరగంట చొప్పున ఇరువది ప్రసారములు జరిగినవి. ఇరువదిమంది వరకు గల బృందము కూర్చుండి వినుట, పిదప చర్చించుట, తమ సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపుట — ఇదియే పద్ధతి. టాటా సామాజిక విజ్ఞాన సంస్థ దాని ఫలితమును పరిశీలింపగా, సభలు లేని గ్రామములకంటె సభలున్న గ్రామములలో విషయజ్ఞానము ఎంతయో పెరిగినట్లు తేలినది. అంతకంటె ముఖ్యముగా, వినుటకై చేరినవారు ఊరి పనులనుగూర్చి నిర్ణయములు చేయుటకు పూనుకొనిరి.

1959 నవంబరులో ఈ పథకమును దేశమంతటికిని విస్తరించిరి. మన రాష్ట్రమున పంచాయతి రాజ్ వ్యవస్థ మొదలైనదియు ఆ సంవత్సరముననే. ఆ శ్రోతల సభలు కాలక్రమమున సన్నగిల్లినవి. చెడిన పెట్టెను బాగుచేయువారు లేనిచోట, అడిగిన ప్రశ్నకు బదులు రానిచోట సభ నిలువదు గదా! అయినను రేడియో మాట వృథా పోలేదు. 1960 దశకమున తంజావూరు ప్రాంతమందు ఏ.డి.టి. 27 అను వరి వంగడము రేడియో ప్రచారమువలన ఎంతగా వ్యాపించెననగా, రైతులు దానిని రేడియో వడ్లు అని పిలిచిరి.

ఏడు దినముల ప్రణాళిక

ఏ కార్యక్రమము ఏ వేళ వచ్చునో కేంద్రమునుబట్టి మారును. పూర్వము వాణి అను పత్రికలో కార్యక్రమముల పట్టిక ప్రకటింపబడెడిది. నేడు కేంద్రమువారు ఉదయముననే ఆ దినపు వివరములు చెప్పుదురు. ఫోనులో న్యూస్ ఆన్ ఎయిర్ అను యాప్ ద్వారా ఇతర కేంద్రములను గూడ వినవచ్చును. మొదట ఒక సభ్యుడు ఆ వేళలను కాగితముపై వ్రాసి కార్యాలయపు గోడకు అంటింపవలెను. తరువాత దినమునకొక విషయమును ముఖ్యముగా ఎంచుకొనవలెను.

సోమవారము — వార్తలు. విన్నవానిలో మన జిల్లాకు, మన గ్రామమునకు సంబంధించినవి ఏవో వేరుచేయుడు. జరిగిన సంగతి ఏది, దానిపై వక్త యొక్క అభిప్రాయమేది అని విడదీసి చూచుట నేర్చుకొనుడు. వదంతిని అరికట్టుటకు ఇదియే మొదటి మెట్టు.

మంగళవారము — వాతావరణము, సాగు. భారత వాతావరణ శాఖవారు మంగళ, శుక్రవారములయందు జిల్లాలవారీగా రైతులకు సలహాలు వెలువరింతురు. రేడియోలో విన్న వాతావరణ సూచనను ఆ సలహాలతో సరిచూడుడు. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రము, 1906 నాటినుండి నడచుచున్న నంద్యాల వ్యవసాయ పరిశోధన క్షేత్రము మనకు దగ్గరివే గనుక, సందేహములను అచ్చటి శాస్త్రజ్ఞులను అడుగవచ్చును.

బుధవారము — ఆరోగ్యము, స్త్రీల కార్యక్రమములు. ఈ దినము సభ్యురాండ్రే చర్చను నడుపవలెను. వానకాలమున నీటివలన వచ్చు వ్యాధులనుగూర్చి వైద్యుడు రేడియోలో చెప్పినప్పుడు, మన ఊరి నీటి ట్యాంకును కడిగి ఎన్ని దినములైనది, బ్లీచింగు పొడి కలుపుచున్నారా అని ఎవరైన ఒకరు అడుగవలెను. ఆ ప్రశ్నకు పంచాయతి బదులు చెప్పవలెను.

గురువారము — బాలల కార్యక్రమములు, చదువు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై తెలుగు బాలలకు ఎన్నో యేండ్లు ఆటపాటలు నేర్పిరి. మన ప్రాంతమున చలికాలము వచ్చినదనిన, మిరపకాయల కోతకై గుంటూరు వైపు వలసపోవు కుటుంబములు అనేకము. తల్లిదండ్రులతోపాటు పిల్లలును పోవుదురు. బడి బల్లలు ఖాళీ యగును. ఇట్టి పిల్లలు బడి మానకుండ ఉండుటకై వలస కాలపు వసతి గృహములు నడుపు పద్ధతి ఉన్నది. ఆ ఏర్పాటు మన ఊరికి కావలయునా, ఎందరు పిల్లలకు కావలయును అను లెక్కను వలసకు ముందే తీయవలెను.

శుక్రవారము — ధరలు. కర్నూలు మార్కెటులో ఉల్లి, ఆదోని మార్కెటులో పత్తి, వేరుశనగ ధరలను తెలిసికొనుడు. ఒకనాటి ధర విని సంతోషించుటగాని, విచారించుటగాని పనికిరాదు. వారము వారము ధరలను ఒక పుస్తకమున వ్రాసి ఉంచినచో ఏడాదికి అది ఊరి ఆస్తియగును.

శనివారము — సంగీతము, నాటకము, హరికథ. వీనిని కాలక్షేపమని త్రోసివేయరాదు. 1952లో ఆరంభమైన జాతీయ సంగీత కార్యక్రమము శనివారపు రాత్రులయందు దేశములోని మహావిద్వాంసుల గానమును పల్లెలకు వినిపించినది. కలసి ఒక నాటకము విని నవ్విన ఇరుపక్షములవారు మరునాడు సభలో కఠినముగా మాటలాడుటకు కొంత జంకుదురు.

ఆదివారము — విచారణ. ఈ దినము క్రొత్తగా వినుట తక్కువ; ఆరు దినములు విన్నదానిపై చర్చించి నిర్ణయించుట ఎక్కువ.

ఒక ఉదాహరణ

భాద్రపదమాసమున ఉల్లి పెరికి పొలములోనే ఆరబెట్టినారనుకొందము. మూడు దినములలో గట్టి వానలు పడునని మంగళవారము రేడియో చెప్పినది. ఫోనులో విన్న రైతు తన పంటను కప్పుకొనును. వినని రైతు పంట కుళ్లును. అతడు తెచ్చిన అప్పు మాత్రము కుళ్లదు! ఆ రైతును రక్షించుటకు ధనము అక్కరలేదు, ఒక చాటింపు చాలును. పంచాయతి ఆ సాయంకాలమే మైకులో చెప్పించి, టార్పాలిన్లు ఎవరివద్ద ఉన్నవో కనుగొని, ఎత్తైన ఖాళీ స్థలమును చూపినచో పది కుటుంబములు నిలబడును. విన్న మాటకును చేసిన పనికిని నడుమ పంచాయతి ఉన్నదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల?

2009 అక్టోబరు ఆరంభమున తుంగభద్రకు మహా వరద వచ్చి కర్నూలు నగరము మునిగినప్పుడు విద్యుత్తు నిలిచినది. అట్టి వేళ ఫోనులు మూగపోవచ్చును. బ్యాటరీతో నడచు చిన్న రేడియో మాత్రము పలుకును. కావున పంచాయతి కార్యాలయమున ఒక రేడియో పెట్టెను, అదనపు బ్యాటరీలను ఉంచుట మంచిది. వాని ఖర్చు స్వల్పము.

సభ నడుపు పద్ధతి, జాగ్రత్తలు

ఇరువదిమందికి మించకుండ వలయాకారమున కూర్చుండవలెను. ఒకరు సంచాలకుడుగా, ఒకరు లేఖకుడుగా ఉందురు. సంచాలకుడు తన అభిప్రాయమును చివర చెప్పవలెను. మొదట చెప్పినచో తక్కినవారు తల ఊపి ఊరకుందురు. భూమిలేని కూలీలు, స్త్రీలు, నేతపనివారు, వలసపోవువారు తప్పక ఉండవలెను. రైతులు మాత్రమే కూడిన సభ ఊరి సభ కానేరదు.

రేడియో అందరికి చెప్పు మాట అది. నల్లరేగడికి తగిన సలహా ఎర్రనేలకు తగకపోవచ్చును. కనుక ఆచరించుటకు ముందు స్థానిక అధికారిని గాని, అనుభవజ్ఞుడైన రైతును గాని సంప్రతింపుడు. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు లౌడుస్పీకరు వాడుట నిషిద్ధము. పరీక్షల కాలమున పిల్లల చదువునకు అడ్డురాని విధముగా ధ్వనిని తగ్గింపవలెను.

అన్నిటికంటె పెద్ద జాగ్రత్త మరొకటి కలదు. గ్రామమున రెండు పక్షములున్నచో, రేడియో ఒక పక్షపువారి అరుగుపై ఉండరాదు. ఆకాశ తరంగములు ప్రజలందరి ఉమ్మడి సొత్తు అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. ఆ తీర్పు పిదప కాలక్రమమున పల్లెవాసులే ప్రసారములు చేయుటకు త్రోవ ఏర్పడినది. నాటి మెదకు జిల్లాలోని మాచనూరులో 2008లో దళిత మహిళలు సంఘం రేడియోను నెలకొల్పి, తమ విత్తనములను, తమ పంటలను, తమ పాటలను గూర్చి తమ యాసలోనే చెప్పుచున్నారు. వినుటతో మొదలైన పని చెప్పుటవరకు ఎదుగునని వారు చూపినారు.

ఒక వారమున గ్రామము మారిపోదు. కాని ఒక వారములో ఒక ట్యాంకు శుభ్రపడవచ్చును, పదిమంది పిల్లల పేర్లు బడి పట్టీలో నిలువవచ్చును, ఒక రైతు ఉల్లి తడవకుండ ఉండవచ్చును. వచ్చు సోమవారమే ప్రారంభింపుడు.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమున వాతావరణ హెచ్చరిక చిట్టచివరి ఇంటికి చేరుటకు ఎంతసేపు పట్టును? ఆ వేళను తగ్గించుట ఎట్లు?

2. గత మూడు మాసములలో నీటి ట్యాంకును ఎన్నిసార్లు కడిగినారు? ఆ తేదీలు పుస్తకమున వ్రాయబడి ఉన్నవా?

3. ఈ ఏడు వలసపోవు కుటుంబములెన్ని? బడియీడు పిల్లలెందరు?

4. మన సభలకు ఎవరు రాకున్నారు? వారు రాకుండుటకు కారణమేమి?

5. ఈ వారము విన్నవానిలో పంచాయతి తీర్మానముగా మారదగిన విషయము ఏది? దానిని ఎవరు, ఎన్నటిలోగా నెరవేర్తురు?