మూడు చుక్కలు, మూడు గీతలు

సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తది. సముద్రంలో అట్ల కాదు. ఎటు చూసినా నీళ్లే. నడిసముద్రంలో ఓడకు ఆపద వస్తే ఎంత గట్టిగా అరిచినా వినేవాళ్లు ఉండరు. మరి సాయం ఎట్ల అడగాలె?

వెనుకట పోస్టాఫీసులో టెలిగ్రాం ఉండేది. మన దేశంలో 2013 జులైలో దాన్ని ఆపేశారు. టెలిగ్రాం పంపడానికి ఒక మీట ఉండేది. కొంచెం నొక్కితే చుక్క. ఎక్కువసేపు నొక్కితే గీత. ఒక్కో అక్షరానికి కొన్ని చుక్కలు, కొన్ని గీతలు. ఆ కబురు తీగ మీద పోయేది. నడిచే ఓడకు తీగ ఎట్ల కడతరు? అందుకే ఓడల్లో రేడియో పెట్టారు. తీగ లేకుండానే కబురు పోయేది.

ఆపదలో పంపే గుర్తు ఎస్.ఓ.ఎస్.

• • •  — — —  • • •

1906లో బెర్లిన్ నగరంలో చాలా దేశాలు కూడి దీన్ని ఒప్పుకున్నాయి. ఈ అక్షరాలకు వేరే అర్థం ఏమీ లేదు. వినగానే గుర్తు పట్టవచ్చు, అంతే. పలక మీద వేలితో కొట్టి చూడండి. అయితే గుర్తు ఒక్కటే చాలదు. ఓడ పేరు, ఓడ ఉన్న చోటు కూడా చెప్పాలి. చోటు తెలియకుంటే వచ్చేవాళ్లు ఎక్కడికని వస్తరు?

1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ అనే పెద్ద ఓడ కొండంత మంచుగడ్డకు తగిలింది. ఓడలో సుమారు 2,200 మంది ఉన్నారు. రేడియో దగ్గర జాక్ ఫిలిప్స్ ఉన్నాడు. అతనికి 25 ఏండ్లు. ఓడలోకి నీళ్లు వస్తున్నా అతను మీట నొక్కుతూనే ఉన్నాడు. దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో కార్పేథియా అనే ఓడకు ఆ కబురు అందింది. అది వచ్చేసరికి టైటానిక్ మునిగిపోయింది. చిన్న పడవల్లో ఉన్న 700 మందికి పైగా బతికారు. సుమారు 1,500 మంది చనిపోయారు. ఫిలిప్స్ కూడా పోయాడు.

ఇంకా దగ్గరలోనే కాలిఫోర్నియన్ అనే మరో ఓడ ఉన్నది. దాంట్లో రేడియో మనిషి ఒక్కడే. అతను అప్పటికే పడుకున్నాడు. తప్పు అతనిది అనలేం. రాత్రంతా వినాలన్న నియమం అప్పుడు లేదు. ఆ తర్వాతనే నియమాలు వచ్చాయి. ప్రతి గంటలో రెండుసార్లు, 15 నుండి 18, 45 నుండి 48 నిమిషాల వరకు, ఓడలన్నీ తమ కబుర్లు ఆపి వినాలి. మరచిపోకుండా రేడియో గదిలోని గడియారం మీద అక్కడ ఎర్ర రంగు వేసేవారు.

1996 నవంబరు 6న కాకినాడ దగ్గర పెద్ద తుఫాను వచ్చింది. చాలామంది జాలరులు అప్పటికి సముద్రంలోనే ఉన్నారు. ఎక్కువ పడవల్లో కబురు పంపే యంత్రమే లేదు. వందల మంది ఇంటికి తిరిగి రాలేదు.

1999 నుండి పెద్ద ఓడలకు చుక్కలు, గీతల అవసరం తీరిపోయింది. ఉపగ్రహాలు వచ్చాయి. జాలరుల కోసం ఇస్రో ఒక చిన్న యంత్రం తయారు చేసింది. మీట నొక్కితే పడవ ఉన్న చోటు తీర రక్షక దళానికి తెలుస్తది. ఒడ్డున ఉన్నవాళ్లు 1554కు ఫోన్ చేయవచ్చు. 2024లో వచ్చిన కొత్త యంత్రంలో తిరుగు జవాబు కూడా ఉన్నది. మీ కబురు అందింది అని పడవలోని మనిషికి తెలుస్తది.