నేల తేమ దత్తాంశంలో శిఖరాలు, లోయల మధ్య వాలు గణన

తడి ఇచ్చిన తరువాత సెన్సార్ నమోదు చేసే నేల తేమ శిఖరానికి చేరి, తదుపరి తడి వరకు క్రమంగా లోయకు దిగుతుంది. ఈ దిగుడు వాలు ఆధారంగా పైరు రోజువారీ నీటి వినియోగాన్ని, అనగా బాష్పోత్సేకాన్ని, అంచనా వేయవచ్చు. అయితే పగటి, రాత్రి ఉష్ణోగ్రతల తేడా వలన రీడింగులలో ఏర్పడే స్వల్ప హెచ్చుతగ్గులను కూడా కంప్యూటర్ శిఖరాలుగా భావిస్తుంది. కావున ముందుగా 24 గంటల చలన సగటుతో దత్తాంశాన్ని సవరించి, నిర్ణీత పరిమితికి మించి పెరిగి తగ్గిన బిందువులనే శిఖరాలుగా, వాటి నడుమ గల కనిష్ఠ బిందువులను లోయలుగా గుర్తించాలి. చలన సగటు శిఖరాల ఎత్తును తగ్గిస్తుంది కనుక వాలును మాత్రం అసలు రీడింగుల నుంచే గణించాలి.

శిఖరాన్ని, లోయను నేరుగా ఒకే గీతతో కలపరాదు. తడి తరువాత తొలి ఒకటి రెండు రోజులలో మిగులు నీరు వేరు మండలం దిగువకు ఇంకిపోతుంది. ఆ భాగాన్ని మినహాయించి, మిగిలిన పూర్తి రోజుల రీడింగులకు కనిష్ఠ వర్గాల పద్ధతిలో సరళరేఖను అమర్చాలి.

ఉదాహరణకు, 300 మి.మీ. లోతు గల వేరు మండలంలో ఘనపరిమాణ తేమ తొలి 2 రోజులలో 34 నుంచి 28 శాతానికి, తరువాతి 6 రోజులలో 22 శాతానికి తగ్గిందనుకొందాం. శిఖరం నుంచి లెక్కిస్తే వినియోగం రోజుకు 4.5 మి.మీ.గా కనిపిస్తుంది, వాస్తవానికి అది 3 మి.మీ. మాత్రమే. ఈ తేడాను గమనించక సిఫారసు చేస్తే, రైతు ప్రతి తడిలోను అవసరానికి ఒకటిన్నర రెట్లు నీరు పెట్టవలసి వస్తుంది.