డెస్క్‌టాప్ రాకపోతే ఏం చేస్తారు?

లినక్స్ కంప్యూటర్ ఆన్ చేశారు. లోగో కనిపించింది. ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోయింది, లాగిన్ స్క్రీన్ రాలేదు. టెక్నికల్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఈ పరిస్థితి చెప్పి ‘ఏం చేస్తారు?’ అని అడిగితే, ‘ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తా’ అనకండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే అవుతుంది. ఫైళ్లు పోవచ్చు. కారణం తెలియదు కాబట్టి సమస్య మళ్లీ రావచ్చు. ఇంటర్వ్యూ చేసేవారికి కావాల్సింది మీరు కారణాన్ని వెతికే తీరు.

వరస తెలిస్తే సగం పని అయినట్టే

పవర్ బటన్ నొక్కాక ఫర్మ్‌వేర్, గ్రబ్, కెర్నల్, సిస్టమ్‌డీ ఒకదాని తర్వాత ఒకటి పని మొదలుపెడతాయి. తర్వాత డిస్‌ప్లే మేనేజర్ లాగిన్ తెర చూపిస్తుంది. గ్నోమ్ ఉన్న ఉబుంటులో ఆ పని జీడీఎంది. చివరగా ఎక్స్ సర్వర్ లేదా వేలాండ్ ఆధారంగా డెస్క్‌టాప్ వస్తుంది. ఎక్స్ 1984లో ఎంఐటీలో పుట్టింది, వేలాండ్ 2008లో మొదలైంది. మీ సిస్టమ్ వీటిలో దేన్ని వాడుతోందో తెలుసుకోండి, చూడాల్సిన లాగ్ దాన్నిబట్టి మారుతుంది. ఈ వరసలో బండి ఎక్కడ ఆగిందన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

మొదటి పరీక్ష

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తే కెర్నల్ నడుస్తోంది, లోపం చాలావరకు లాగిన్ తెర, డెస్క్‌టాప్ వైపే ఉంటుంది. అది కూడా రాకపోతే రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూలో రికవరీ మోడ్ గానీ పాత కెర్నల్ గానీ ఎంచుకోండి. లోపలికి వెళ్లాక జర్నల్‌సీటీఎల్‌తో, తెర రాకుండా ఆగిపోయిన బూట్ సందేశాలు చదవండి. ఎక్స్ వాడుతుంటే దాని లాగ్‌లో ‘ఈఈ’ గుర్తున్న వరసలు చూడండి. అవే ఎర్రర్లు.

తరచూ కనిపించే కారణాలు

- డిస్క్ నిండిపోవడం: పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ తెరే తిరిగొస్తుంది. సెషన్‌కు తన ఫైళ్లు రాసుకోవడానికి చోటు ఉండదు. డీఎఫ్ కమాండ్‌తో చూసి, అక్కర్లేని పాత లాగ్‌లు, ప్యాకేజీ క్యాష్ తీసేయండి.
- ఫైల్ యజమాని మారడం: ఎక్స్ సెషన్‌లో గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ను సుడోతో నడిపితే, హోమ్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైల్ రూట్ పేరు మీదికి పోవచ్చు. అప్పుడూ లాగిన్ దగ్గరే తిరుగుతారు. సీహెచ్‌ఓన్‌తో యజమానిని సరిచేయండి.
- డ్రైవర్ పొసగకపోవడం: కెర్నల్ అప్‌డేట్ అయ్యాక కొత్తదానికి ఎన్‌విడియా మాడ్యూల్ తయారు కాకపోతే తెర రాదు. పాత కెర్నల్‌తో వస్తే డ్రైవర్‌నే ముందు అనుమానించాలి. దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.
- డిస్‌ప్లే మేనేజర్ ఆగిపోవడం: సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌తో తెలుస్తుంది.

లాగిన్ తెర వస్తుంటే ఇంకో మంచి పరీక్ష ఉంది. కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ అవ్వండి. డెస్క్‌టాప్ వస్తే లోపం పాత యూజర్ సెట్టింగుల్లోనో, ఫైళ్లలోనో ఉంది. సిస్టమ్‌లో లేదు.

ఇంట్లోనే సాధన

పైసా ఖర్చు లేకుండా ఇది నేర్చుకోవచ్చు. వర్చువల్‌బాక్స్‌లో డెబియన్ లేదా ఉబుంటు వేసుకోండి. స్నాప్‌షాట్ తీసుకుని, కావాలనే పాడుచేయండి. డిస్క్ నింపండి, డిస్‌ప్లే మేనేజర్‌ను డిజేబుల్ చేయండి. తర్వాత బాగుచేయండి. ప్రతిసారీ లక్షణం, చూసిన లాగ్, కారణం, పరిష్కారం అని నాలుగు మాటలు నోట్‌బుక్‌లో రాసుకోండి. సర్టిఫికేషన్లకూ ఇదే పునాది. ఎల్‌పీఐసీ-1లోని 102 పరీక్షలో డెస్క్‌టాప్‌లపై ప్రత్యేక విభాగం ఉంది. రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలోనైతే సిస్టమ్ మీద పని చేసి చూపించాల్సిందే.

అమీర్‌పేటలో కోర్సు చేసినా, ఊళ్లో పాత ల్యాప్‌టాప్‌తో నేర్చుకున్నా, ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది మీ చేత్తో బాగుచేసిన అనుభవమే. ఈ ఆదివారమే ఒక వర్చువల్ మెషీన్ పాడుచేసి, మళ్లీ నిలబెట్టి చూడండి.