బ్యాంకు సిబ్బంది శిక్షణ – పనితీరుపై దాని ప్రభావము

ధనము ఏ బ్యాంకులోనైనా ఒక్కటే. ఖాతాదారుడు ఒక శాఖను ఆదరించడానికి, మరొక శాఖను విడిచిపెట్టడానికి చాలావరకు కౌంటరు వెనుక కూర్చున్న ఉద్యోగి పరిజ్ఞానము, ప్రవర్తనలే కారణము. అందుచేత సిబ్బంది శిక్షణ వాణిజ్యశాస్త్ర విద్యార్థులమైన మనము శ్రద్ధగా పరిశీలింపదగిన విషయము.

మన దేశములో రిజర్వు బ్యాంకు 1954లో బొంబాయిలో బ్యాంకర్స్ ట్రైనింగ్ కాలేజీని నెలకొల్పింది. 1961లో హైదరాబాదులో స్టేట్ బ్యాంక్ స్టాఫ్ కాలేజి వెలిసింది. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమైన పిదప శాఖలు పల్లెలకు విస్తరించాయి. అంతవరకు వర్తకుల లావాదేవీలే ఎక్కువగా చూచిన ఉద్యోగులకు పంటకాలము, సేద్యపు ఖర్చు, రైతు రాబడి కూడ తెలియవలసి వచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నములో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకుతోపాటు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనపుడు మూడు సంస్థల సిబ్బంది ఒకే పద్ధతికి అలవాటుపడవలసి వచ్చింది. మార్పు వచ్చిన ప్రతిసారి శిక్షణ అవసరమవుతుందని దీనివలన తెలుస్తుంది.

శిక్షణ పనితీరును ఎట్లు మారుస్తుందో మన గోదావరి డెల్టాలోనే చూడవచ్చును. ఇక్కడ వరి పండించేవారిలో కౌలురైతులు చాలామంది. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల ప్రకారము కౌలుదారులు, నోటిమాట కౌలుదారులు సైతము ఋణమునకు అర్హులే. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టము, భూయజమానితో పదకొండు నెలల ఒప్పందము చేసికొన్న కౌలుదారునకు హక్కు పత్రము కల్పించింది. ఈ సంగతి ఎరుగని ఉద్యోగి "పట్టాదారు పాసుపుస్తకము తెండి" అని రైతును త్రిప్పి పంపుతాడు. ఆ రైతు పోయేది వడ్డీ వ్యాపారి గుమ్మమునకే. ఎరిగిన ఉద్యోగి హక్కు పత్రము చూచి దరఖాస్తు స్వీకరిస్తాడు.

ఒక్కసారి నేర్చినంత మాత్రాన చాలదు. తనఖా లేకుండా ఇచ్చే వ్యవసాయ ఋణ పరిమితి 2019లో లక్ష రూపాయల నుండి 1.6 లక్షలకు, 2025 జనవరి 1 నుండి 2 లక్షలకు పెరిగింది. 2018లో నేర్చిన పాఠముతోనే నేడు కూర్చున్నవాడు ఎంత నిజాయితీపరుడైనా తప్పే చెబుతాడు.

శిక్షణ ఫలితమును కొలవడానికి అమెరికా పండితుడు డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లు సూచించాడు: శిక్షణ పొందినవారి తృప్తి, నేర్చిన విద్య, పనిలో మార్పు, సంస్థకు కలిగిన ఫలితము. మొదటి రెండు తరగతి గదిలో తేలుతాయి. చివరి రెండు శాఖలోనే తేలాలి. ఋణ వ్యవహారములలో శిక్షణ పొందినవానిని నగదు కౌంటరులో కూర్చోబెడితే, లేదా సిబ్బంది చాలని శాఖలో ఊపిరి సలపనీయకపోతే ఆ విద్య మూడవ మెట్టు ఎక్కదు. ఆ లోపము ఉద్యోగిది కాదు, యాజమాన్యముది.

మాలో పలువురము రేపు బ్యాంకు పరీక్షలు వ్రాసేవారమే. కళాశాల కమిటీవారు ఏటా కొన్ని దినములు మమ్ములను రాజమహేంద్రవరములోని శాఖలకు పరిశీలనకై పంపితే మేలని మా మనవి. ఫారము నింపలేక నిలుచున్న వృద్ధునికి తెలుగులోనో ఉర్దూలోనో ఓర్పుతో వివరించి చెప్పగలగడమే మాకు తొలి శిక్షణ కాగలదు.